క్యాంపులో నేను కట్టిన కట్టు

నా చేతి మీద నాకు నమ్మకం ఎక్కువ. గొప్పకు చెప్పడం లేదు అందామనుకున్నాను గానీ, సగం గొప్పకే చెబుతున్నాను. మా జేజినాయన, అంటే మా నాయన వాళ్ళ నాయన, రాయచోటి చుట్టుపక్కల పేరున్న కట్టు వైద్యుడు. చెయ్యి విరిగినా, కాలు బెణికినా, భుజం జారినా జనం మా ఇంటికే వచ్చేవాళ్ళు. పదేళ్ళప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని మినప్పిండి కలిపాను, పాత పంచెలు చించాను, వెదురు దబ్బలు చెక్కాను. ఎముక మీద వేలు పెట్టి అది ఎక్కడ తప్పిందో కళ్ళు మూసుకుని చెప్పడం పదహారేళ్ళకే వచ్చేసింది. చదువే పదో తరగతి దగ్గర ఆగిపోయింది.

ఆ తర్వాత మా ఊరి సగం మందిలాగే నేనూ కువైట్ పోయాను. ఇరవై ఆరేళ్ళు ఒకే క్లీనింగ్ కంపెనీలో పని చేశాను. మొదట చీపురు పట్టాను, తర్వాత బస్సు స్టీరింగు పట్టాను, ఆ పైన మూడు వందల మంది ఉండే క్యాంపుకు ఇన్‌ఛార్జినయ్యాను. గదుల తాళాలు, నీళ్ళ ట్యాంకరు, బస్సుల టైములు, బాత్రూముల దగ్గర కొట్లాటలు అన్నీ నావే. ఇప్పుడు రిటైరై రాయచోటిలో కూర్చున్నాను. గల్ఫుకు పోయే కుర్రాళ్ళు సలహా కోసం వస్తుంటారు. వీసా గురించి అడుగుతారు, జీతం గురించి అడుగుతారు, ఫోను ఏది కొనాలో కూడా అడుగుతారు. అక్కడ కింద పడితే ఏం చేయాలని మాత్రం ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. అడగకపోయినా నేను ఈ సంగతి చెప్పి గానీ పంపను. మీరూ వినండి.

క్యాంపులో నా కట్టుకు మంచి పేరుండేది. నిచ్చెన మీద నుంచి జారినవాడు, బకెట్ తగిలి మణికట్టు తిప్పుకున్నవాడు ముందు నా గదికే వచ్చేవాడు. మనవాళ్ళే కాదు, నేపాలీలు, బెంగాలీలు కూడా. వెదురు దొరకదు కాబట్టి యాపిల్ పెట్టెల చెక్క వాడేవాణ్ణి. మినప్పిండికి కొదవ లేదు, దోసె లేకుండా మనవాళ్ళు బతకరు కదా. కోడిగుడ్ల తెల్లసొన వంటాయన ఇచ్చేవాడు. ఆయన కూడా మా రాయచోటి దిక్కువాడే, సాయిబు. నన్ను అన్నా అంటాడు, నేను ఆయన్ని భాయ్ అంటాను. మా మేనేజరుకు, అంటే అక్కడ ముదీర్ అంటారు, ఆయనకు ఈ వైద్యం సంగతి తెలుసు. ఆస్పత్రి సెలవులు తగ్గుతున్నాయని చూసీ చూడనట్టు ఉండేవాడు. పన్నెండేళ్ళలో నా కట్టు ఒక్కటి చెడిపోలేదు. ఒక్కటి కూడా చెడిపోకపోవడమే నా కొంప ముంచింది.

నేను చెప్పబోయే కుర్రాడు పత్తికొండ దిక్కువాడు. ఇరవై ఏడేళ్ళుంటాయి. మా కంపెనీ వీసా మీదే వచ్చాడు, ఒక ఆఫీసులో నేల తుడిచే పని. డ్యూటీ అయ్యాక స్నేహితుడి మోటార్ సైకిల్ తీసుకుని హోటళ్ళ నుంచి ఇళ్ళకు అన్నం పొట్లాలు చేరవేసేవాడు. అక్కడ ఉండడానికి ఇచ్చే అకామా కార్డులో ఒక పని, చేసేది ఇంకో పని. అది అక్కడ నేరం. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. మనవాడు కదా, నాలుగు రాళ్ళు వెనకేసుకోనీలే అనుకున్నాను.

ఒక గురువారం మధ్యాహ్నం మలుపు దగ్గర రోడ్డు మీద పేరుకున్న ఇసుకలో బండి జారి పడ్డాడు. ఎవరికీ తగల్లేదు, బయటివాళ్ళెవరూ చూడలేదు. వెనకాలే వస్తున్న స్నేహితులిద్దరు కారులో ఎత్తుకుని అరగంటలో నా గది ముందుకు తెచ్చారు. ఎడమ కాలు, మోకాలికీ మడమకూ మధ్య విరిగింది. చర్మం చీలలేదు, నెత్తురు లేదు.

"ఆస్పత్రికి పోదాం పదరా" అన్నాను. అన్న మాట నిజమే.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దన్నా, నీ కాళ్ళు మొక్కుతా. ఆస్పత్రికి పోతే పోలీసులొస్తారు. బండి యాడిది, ఎవురిది అంటారు. పట్టుకొని ఊరికి తోలేస్తారు. వచ్చి ఇంకా రెండేండ్లు గూడా కాలేదన్నా. నువ్వే కట్టు కట్టు. నీ చెయ్యి శానా మంచిదని అందురూ చెప్తాండారు."

ఆ చివరి మాట నాకు బాగా ఎక్కింది. అప్పటికి నేను చొక్కా చేతులు మడిచేశాను.

పని మాత్రం బాగా చేశాను, ఇప్పటికీ అదే అంటాను. కాలు లాగి ఎముకను ఎముకకు కలిపాను. వాడు ఒక్క అరుపు అరిచాడు, అంతే. తెల్లసొన, మినప్పిండి కలిపిన గుడ్డ మూడు వరసలు చుట్టి, నాలుగు వైపులా చెక్కలు పెట్టి బిగించాను. భాయ్ పక్కన నిలబడి గుడ్లు పగలగొడుతూ, "రేపటి ఆమ్లెట్లన్నీ ఈని కాలికే పోసినావు గదన్నా. పొద్దున మూడు నూర్ల మందికి ఏం పెట్టేది, నీ తలకాయా?" అన్నాడు. అందరం నవ్వాం. కట్టించుకున్నవాడు కూడా నవ్వాడు. గంటలో కట్టు ఆరి చెక్కలా అయింది. వేలితో కొడితే టక్కున మోగింది. నాకు గర్వంగా ఉండింది, దాచడమెందుకు.

మర్నాడు శుక్రవారం, సెలవు. పొద్దున్నే వాడి గదికి పోయాను. గదిలోవాళ్ళు కళ్ళు ఎర్రగా చేసుకుని ఉన్నారు. వాడు రాత్రంతా నిద్రపోలేదట, వీళ్ళనూ పోనివ్వలేదట.

"అన్నా, లోపల పగిలిపోతాందన్నా. కొంచెం వదులు చెయ్యి" అన్నాడు.

"కట్టు పట్టుకుంటాందిరా. అంత మాత్రం ఉంటాది. మొగోనివి గదా, ఓర్చుకో" అన్నాను. నొప్పి మాత్ర ఒకటి ఇచ్చాను. ఈ మాట చెబుతున్నప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

మా ఇంట్లో ఒక నియమం ఉంది. కట్టిన కట్టు మూడో దినం దాకా విప్పకూడదు. మధ్యలో విప్పితే కలిసిన ఎముక కదులుతుంది, ఆ కాలు జన్మలో సరిగా రాదు. మా జేజినాయన ఎంతమంది ఏడ్చి మొత్తుకున్నా విప్పేవాడు కాదు. నేను ఆ నియమాన్ని పట్టుకుని కూర్చున్నాను.

అంతలో భాయ్ టీ తెచ్చాడు. గ్లాసు కింద పెడుతూ వాడి పాదం పట్టుకుని చూశాడు.

"అన్నా, ఈని వేళ్ళు జూడు. ఐసు మాదిరి ఉండాయి. నల్లగా గూడా అయితాండాయి."

"కట్టు బిగువుకు అట్లే ఉంటాది భాయ్. రేపు విప్పుతా."

"రేపు యాడ అన్నా, అంత సేపు ఆగేట్లు లేదు."

"మా జేజినాయన మూడు దినాలు విప్పేవాడు కాదు. నీకు తెలీదు."

భాయ్ లేచి నిలబడ్డాడు. ఆయనకు కోపం రావడం నేను అంతకు ముందు చూడలేదు. "నాకు తెలీదా? మా అబ్బ కాలు విరిగితే మీ జేజినాయన కాడికే తీసకపోయినాం. మా ఊర్నుంచి ఎద్దుల బండిలో. పోయేసరికి రెండో దినం అయిండె. కాలు ఇంత లావు వాచిండె. ఆయప్ప కట్టు కట్టినాడనుకున్నావా? ల్యా. ఆకు పసురు పూసి, వాపు దిగేదాకా మీ ఇంట్లోనే పండబెట్టుకున్నాడు. దిగినాకనే కట్టినాడు. నువ్వు పడిన అరగంటకే కట్టినావు గదన్నా. వాపు ఇప్పుడొస్తాండాది, కట్టు లోపల. అది యాడికి పోవల్ల?"

అప్పటిదాకా నాకు తట్టని సంగతి అదే. మా జేజినాయన దగ్గరికి వచ్చేవాళ్ళందరూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు. బండి కట్టుకుని, బస్సు దొరికి, పక్కూరి పెద్దమనిషిని వెంటేసుకుని వచ్చేసరికి ఒకటి రెండు రోజులు గడిచేవి. ఆయన నియమాలన్నీ వాపు వచ్చి దిగిపోయిన కాళ్ళకు పెట్టినవి. ఆయన ఆకు పసురు పూయడం నేనూ చూశాను. కానీ అది నొప్పికి అనుకున్నాను. ఎందుకు పూస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు. ఆయన చేతి పని అంతా నేర్చుకున్నాను, ఆయన ఎందుకు ఆగేవాడో మాత్రం నేర్చుకోలేదు.

"కత్తెర తే" అన్నాను.

కత్తెరకు కట్టు తెగలేదు. అంత బాగా కట్టాను మరి! భాయ్ వంటింట్లోకి పరుగెత్తి మాంసం కోసే కత్తి తెచ్చాడు. చెక్కకూ చెక్కకూ మధ్య కత్తి పెట్టి అంగుళం అంగుళం కోశాను. కట్టు రెండుగా విచ్చుకున్నాక చూస్తే పిక్క నున్నగా మెరుస్తూ రాయిలా గట్టిగా ఉంది. వేళ్ళకు కొంచెం రంగు వచ్చింది. బొటనవేలు ముట్టుకుంటే "తెలీలేదన్నా" అన్నాడు. అదే వేలు కొద్దిగా పైకి వంచితే పెడబొబ్బ పెట్టాడు. ఇది నా చేతిలో లేదని నాకు అప్పుడే తెలిసిపోయింది. పోలీసులు రానీ, వాళ్ళ తాతలు రానీ అనుకుని వాణ్ణి క్యాంపు బస్సులో పడుకోబెట్టి, భాయ్‌నూ, నిన్న వాణ్ణి కారులో తెచ్చిన స్నేహితులిద్దరినీ ఎక్కించుకుని ఆస్పత్రికి తోలాను.

దారిలో ఆ స్నేహితులిద్దరూ కథ అల్లారు. మోటార్ సైకిల్ మాట ఎత్తకూడదు. ఈ పొద్దున క్యాంపు మెట్ల మీద నుంచి పడ్డాడని చెప్పాలి. కట్టు ఎవరో తెలీనివాళ్ళు కట్టారు. నేను స్టీరింగు పట్టుకుని తల ఊపాను. ఆ కథలో నేను కూడా క్షేమంగా ఉన్నాను కదా.

ఎమర్జెన్సీలో ఒక ఈజిప్టు డాక్టరమ్మ చూసింది. నాకు అరబ్బీ బాగా వచ్చు కాబట్టి ఆమె మాట వాడికి, వాడి మాట ఆమెకు నేనే చెప్పాను. ఎప్పుడు పడ్డాడు అంది. ఈ పొద్దున, మెట్ల మీద అన్నాను. ఆమె పిక్క నొక్కి చూసి, పక్కనున్న చిన్న డాక్టరుతో అంది: ఈ పొద్దున పడినవాడే కదా, రెండు మూడు గంటలు పెట్టి చూద్దాం, గంట గంటకూ నువ్వు చూడు, తగ్గకపోతే అప్పుడు పిక్క కోసి లోపలి ఒత్తిడి వదిలిద్దాం.

రెండు మూడు గంటలు! వాడికి నిన్న సాయంత్రం నుంచే మంట, తెల్లవారకముందే తిమ్మిరి, బస్సులో వాడే చెప్పాడు. ఆ కాలికి రెండు మూడు గంటలు లేవు. ఆ సంగతి ఆమెకు అరబ్బీలో చెప్పగలిగినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. ఆమె తర్వాతి పేషెంటు వైపు తిరిగింది. ఆమె కోటు చెయ్యి పట్టుకుని ఆపాను. అక్కడ ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

"డాక్టర్, నేను అబద్ధం చెప్పాను. పడింది నిన్న మధ్యాహ్నం. మోటార్ సైకిల్ మీద నుంచి. కట్టు పద్దెనిమిది గంటలు కాలి మీద ఉంది. తిమ్మిరి తెల్లవారకముందే మొదలైంది."

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "ఎవరు కట్టారు?" అంది.

"క్యాంపులో ఒక మనిషి" అన్నాను. నేనే అనే మాట మాత్రం మింగేశాను. ఆమెకు నాతో వాదించే తీరిక లేదు. థియేటరు సిద్ధం చేయమని గట్టిగా అరిచింది.

స్ట్రెచరు మీద వాడు నా వైపు చూశాడు. "కాలు తీసేస్తారా అన్నా?"

"తియ్యరురా. ఏం కాదు."

"నిన్న గూడా నువ్వు ఇట్లే జెప్పినావు" అన్నాడు.

వాణ్ణి లోపలికి తోసుకుపోయారు. బయట బెంచీ మీద నేనూ భాయ్ కూర్చున్నాం. కథ అల్లిన స్నేహితులిద్దరూ ఎప్పుడు జారుకున్నారో కనబడలేదు. భాయ్ నమాజు చేసుకుని వచ్చాడు. నేను మా ఇంటి దేవుళ్ళందరికీ వరసగా మొక్కాను, కాలు నిలబెడితే ఇక కట్టు ముట్టనని. డాక్టరమ్మ బయటికి వచ్చి, పిక్కకు రెండు పక్కలా కోసి ఒత్తిడి వదిలించామని, కండ చాలా వరకు బతికే ఉందని చెప్పింది. మధ్యాహ్నం దాకా ఆగి ఉంటే కాలు దక్కేది కాదంది. భాయ్ నా వీపు మీద ఒక్క దెబ్బ వేశాడు. అది ఓదార్పో కోపమో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

రెండు రోజుల తర్వాత వార్డుకు పోలీసు అధికారి వచ్చాడు. నడివయసువాడు, మర్యాదగానే ఉన్నాడు. డాక్టరమ్మ రాసిన కాగితం చేతిలో ఉంది. దుబాసీ లేడు. నన్ను చూసి, నీకు ఇతని భాష వచ్చా అన్నాడు. వచ్చు అన్నాను. అయితే నువ్వే చెప్పు అన్నాడు. నా ఖర్మ చూడండి.

మోటార్ సైకిల్ సంగతి మొదట అయింది. వాడు ఉన్నదున్నట్టు చెప్పాడు, నేను ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత అధికారి, "కట్టు కట్టింది ఎవరో అడుగు" అన్నాడు.

"కట్టు ఎవురు కట్టినారని అడుగుతాండాడు" అన్నాను.

వాడు దిండు మీద తల కొంచెం ఎత్తాడు. "ఏం జెప్పమంటావు?"

"ఉండేది చెప్పరా."

"నేను జెప్పను. నా నోటితో నిన్ను పట్టియ్యను. అట్లని ఎవురో తెలీదని గూడా జెప్పను. కాలు నాది. నీకు తెలీదా ఎవురు కట్టింది? నీ నోటితో నువ్వే జెప్పు."

అధికారి నా వైపు చూస్తున్నాడు. తెలీని మనిషి అంటున్నాడని చెప్పేస్తే అంతటితో అయిపోయేది. ఆ వార్డులో తెలుగు వచ్చినవాళ్ళు మేమిద్దరమే. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం, క్యాంపు తాళాల గుత్తి, అనుమతి లేని వైద్యానికి అక్కడ పడే జైలు, అన్నీ ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగాయి. వాడు నన్నే చూస్తున్నాడు. అరబ్బీ రాకపోయినా నేను ఏం చెబుతానో వాడు నా ముఖంలో చదివేస్తాడనిపించింది.

"నేను కట్టాను" అన్నాను.

అధికారికి అర్థం కాలేదు. "నిన్ను అడగలేదు, అతన్ని అడుగు" అన్నాడు.

"అడిగాను. కట్టింది నేనే. ఈ చేతులతోనే."

అతను కలం కింద పెట్టాడు. "ఇతను నీ మీద ఫిర్యాదు ఇస్తాడేమో అడుగు" అన్నాడు. నా మీద ఫిర్యాదు ఉందా అని నేనే అడగాలి! సరే, అడిగాను.

వాడు వెంటనే లేదు అనలేదు. కాలి మీది దుప్పటి పక్కకు తీశాడు. పిక్కకు రెండు పక్కలా కోసిన చోట ఇంకా కుట్లు వేయలేదు, చుట్టిన గుడ్డ మీద ఎర్రగా ఊరి ఉంది. వాడు ఇస్తానంటే తప్పు పట్టడానికి నాకు నోరు లేదు.

"కట్టింది నువ్వే. ఇప్పి ఈడికి తీసకొచ్చింది, డాక్టరమ్మ కాడ నిజం జెప్పింది గూడా నువ్వే" అన్నాడు. "రెండూ రాసుకోమను. ఒగటి రాసి ఒగటి ఇడిసిపెట్టద్దని జెప్పు. ఫిర్యాదు వద్దు. నీ మీద కోపం లేదని మాత్రం అనుకోవద్దు. శానా ఉండాది."

కోపం మాటతో సహా చెప్పాను. అధికారి అన్నీ రాసుకున్నాడు.

ఇంకెప్పుడూ ఎవరికీ వైద్యం చేయనని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. చూసీ చూడనట్టు ఉండిన ముదీర్ తనకేమీ తెలియదన్నాడు. తాళాల గుత్తి తీసుకుని నన్ను మళ్ళీ బస్సు మీద వేశాడు. చివరి నాలుగేళ్ళు డ్రైవరుగానే చేశాను. అన్యాయం అని నేననను, నాకు తక్కువే పడింది. ఇప్పుడు రాయచోటిలో ఎముక విరిగినవాళ్ళు ఎవరైనా మా ఇంటికి వస్తే ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపుతాను. జేజినాయన పేరు చెడగొడుతున్నానని మా బంధువులే నన్ను తిడుతుంటారు. తిట్టనీ.

కుర్రాడికి లోపల రాడ్డు వేశారు, తొడ చర్మం తీసి పిక్కకు అతికించారు. మూడు నెలలకు నడిచాడు. చేసిన నేరానికి ఊరికి పంపించేశారు. విమానాశ్రయానికి తీసుకుపోయింది నేనే, అదే బస్సులో. దిగేముందు నేనే అడిగాను.

"ఊర్లో ఏం జెప్తావురా?"

"జరిగింది జరిగినట్లే జెప్తా. మా ఊర్లో గూడా కట్టు కట్టే ఆయప్ప ఒగడుండాడు. ముందు ఆయప్ప కాడికే పోతా. కాలు జూపిచ్చి, అంతా జెప్తా."

"నా పేరు జెప్తావా?"

"జెప్పకుండా ఎట్లన్నా? పేరు ల్యాకపోతే ఎవురు నమ్ముతారు?"

"జెప్పు. మా ఊరు గూడా జెప్పు. మా జేజినాయన పేరు మాత్రం ఎత్తొద్దురా. ఆ పెద్దాయన ఆగేవాడు. ఆగంది నేను."

వాడు నా ముఖం చూసి తల ఊపాడు. సంచి భుజాన వేసుకున్నాడు, కర్ర అందుకున్నాడు. సాయం పట్టబోతే వద్దన్నాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ, వాడి రెండు కాళ్ళ మీద వాడే నడుచుకుంటూ గాజు తలుపుల్లోకి వెళ్ళిపోయాడు. నేను బస్సు ఎక్కి, స్టీరింగు మీద తల పెట్టుకుని, వెనక హారన్లు కొడుతున్నా పట్టించుకోకుండా ఏడ్చాను.